రాగి కావాలి, గని వద్దు: ఇదేం న్యాయం?

పాతగని: ఎలక్ట్రిక్ కారుకి మామూలు కారుకంటే రెండింతలకు మించి రాగి పడుతుంది. ఇప్పుడు తవ్వుతున్న ముడి ఖనిజంలో చాలాచోట్ల రాగి ఒక శాతం కూడా లేదు. టన్ను రాయి పిండి చేస్తే పది కిలోలు దక్కడం గగనం. చేతిలో ఫోన్ పెట్టుకుని గనుల్ని తిట్టేవాళ్లు జవాబు చెప్పాలి.

ఎర్రమట్టి: మిగతా 990 కిలోలు ఎటు పోతాయో మీరు చెప్పండి. నీళ్లు కలిసి బురదైన ఆ రాతిపిండినంతా కట్టల వెనక నిలవ చేస్తారు. 2019 జనవరి 25న బ్రెజిల్‌లోని బ్రుమాడిన్యోలో వాలే కంపెనీ కట్ట తెగి 270 మంది పోయారు. కార్మికుల క్యాంటీన్ ఆ కట్ట దిగువనే ఉంది. కట్ట గట్టిగానే ఉందని అంతకుముందే సర్టిఫికెట్ కూడా ఇచ్చారు.

పాతగని: అది బురద మీదే గట్టు పెంచుకుంటూ పోయే పద్ధతి. ఆ తర్వాత బ్రెజిల్ దాన్ని నిషేధించింది. ఒక్క కట్టని చూపించి పరిశ్రమనంతా నిందిస్తారా?

చదువరి: ఒక్కటెక్కడ? 2015లో అదే రాష్ట్రంలో మరియానా దగ్గర ఇంకో కట్ట తెగి 19 మంది చనిపోయారు.

పాతగని: ఫోన్ సంగతికి జవాబు రాలేదు.

ఎర్రమట్టి: ఎంతసేపూ ఫోనేనా! బ్లాస్టింగ్‌కి మా గోడలు బీటలు వారాయి. కంపెనీ మనిషి వచ్చి, పగులులో వేలు పెట్టి చూసి, "పునాది సరిగా లేదు" అని రాసుకుని పోయాడు. అంతే.

పాతగని: నా ఊపిరితిత్తుల నిండా గని దుమ్మే. మెట్లెక్కితే ఆయాసం. మీరేమో మమ్మల్ని దొంగల్ని చేసి మాట్లాడుతున్నారు.

కొత్తగొంతు: ఇద్దరూ కాస్త తగ్గండి.

ఎర్రమట్టి: మిమ్మల్ని దొంగ అన్నానా? గనులే వద్దన్నానా? పైకెళ్లి చదవండి. వద్దనే హక్కు అక్కడుండేవాళ్లకి ఉందా లేదా అన్నదే నా గొడవ. 2013లో సుప్రీంకోర్టు చెప్పబట్టి ఒడిశాలోని నియమగిరి కొండల్లో గ్రామసభల్ని అడిగారు. పన్నెండుకి పన్నెండూ బాక్సైట్ గని వద్దన్నాయి. ఆస్ట్రేలియాలో 46 వేల ఏళ్ల నాటి మనుషుల ఆనవాళ్లున్న జూకన్ గుహల్ని 2020లో రియో టింటో అనే గనుల కంపెనీ పేల్చేసింది. కాగితం మీద అనుమతులన్నీ ఉన్నాయి. ఆ నేల తమదన్న ఆదివాసుల మాట మాత్రం ఎవరూ వినలేదు.

పాతగని: అడగాలి, కాదనను. కానీ ఫ్యాక్టరీలాగా గనిని పక్కకి జరపలేం, ఖనిజం ఉన్నచోటే తవ్వాలి. అందరికీ కావలసినదాన్ని ఒక్క ఊరు ఆపేయొచ్చా? నా మటుకు కూడదు.

ఎర్రమట్టి: ఆపొచ్చు. ఆపే వీలు లేకపోతే ఇక అడగడం దేనికి?

చదువరి: సరే, తవ్వడం అయిపోయాక ఆ గుంతలు పూడ్చే ఖర్చు ఎవరిది? పాతగని గారూ, దీనికి జవాబివ్వండి.