బిస్మత్ మాత్రలు: కోర్సు పూర్తి చేయాలా, మానేయాలా?

కావలి కోడలు:
మా మామయ్యగారికి నెల్లూరులో ఎండోస్కోపీ చేసి కడుపులో పుండు, హెచ్. పైలోరి క్రిమి ఉన్నాయన్నారు. 14 రోజులకు బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్ అనే రెండు యాంటీబయాటిక్‌లు, గ్యాస్ మాత్ర రాశారు. వాడటం మొదలుపెట్టాక విరేచనం బాగా నల్లగా వస్తోంది, నాలుక మీదా నల్లటి పొర. ఆయన భయపడి నిన్నటి నుంచి అన్నీ ఆపేశారు. బిస్మత్ సీసంలాంటి లోహం, వద్దని మా ఆడపడుచు అంటోంది. ఏం చేయమంటారు?

నెల్లూరు పెద్దాయన:
ఆ అమ్మాయి భయం ఊరికే వచ్చింది కాదమ్మా. మూలకాల ఆవర్తన పట్టికలో సీసం 82, బిస్మత్ 83, పక్కపక్కనే ఉంటాయి. 1970లలో ఫ్రాన్సులో బిస్మత్ మందులు మింగిన వందలమందికి మెదడు దెబ్బతింది. నడక తడబడేది, మతి తప్పేది, కండరాలు అదిరేవి. కొందరు చనిపోయారు కూడా. నాకైతే మనసొప్పదు.

ఒంగోలు ఫార్మసిస్టు:
ఫ్రాన్సు సంగతి నిజమే పెద్దాయనా. కానీ అక్కడ సబ్‌నైట్రేట్ లాంటి బిస్మత్ రకాలు రోజూ గ్రాముల లెక్కన నెలలు, ఏళ్ళు వాడారు. మానేశాక చాలామంది కోలుకున్నారు. ఇక్కడ రాసింది రెండు వారాలకే. మింగిన బిస్మత్‌లో ఒక శాతం కూడా రక్తంలోకి చేరదు. పుండు మీద పూతగా పరుచుకుని, క్రిమిని చంపడంలోనూ సాయపడుతుంది.

అమ్మా, నోట్లో, పేగుల్లో ఉండే గంధకంతో కలిసి అది బిస్మత్ సల్ఫైడ్ అవుతుంది. ఆ నలుపు దానిదే, మందు అయిపోయిన కొద్ది రోజుల్లో పోతుంది. అయినా పుండున్న మనిషి కదా, మందు రంగేలే అని ఊరుకోవద్దు. విరేచనం తారులా జిగటగా, విపరీతమైన కంపుతో వచ్చినా, కళ్ళు తిరిగినా, రక్తపు వాంతి అయినా పుండు నుంచి రక్తం పోతున్నట్టు కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

నా టెన్షనంతా మధ్యలో ఆపేయడం గురించే. మిగిలిపోయిన క్రిమి మళ్ళీ యాంటీబయాటిక్‌కు లొంగకపోవచ్చు. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని క్రిములు ఇప్పటికే పెరిగాయి, అందుకే డాక్టర్లు ఈ నాలుగు మందుల కోర్సు రాస్తున్నారు. ఇవాళే ఆ డాక్టరుకు ఫోన్ చేసి ఎన్ని డోసులు తప్పాయో, రంగు ఎలా ఉందో చెప్పండి.

కనిగిరి టీచర్:
మా వైపు ఫ్లోరైడ్ నీళ్ళతో కీళ్ళు పట్టేసి, నొప్పి మాత్రలు మింగి మింగి కడుపు పుండు చేసుకున్నవాళ్ళున్నారు. కొందరికి కిడ్నీలూ బాగాలేవు. వాళ్ళకూ ఇదే మందా?

ఒంగోలు ఫార్మసిస్టు:
వాళ్ళ విషయంలో జాగ్రత్త చాలా అవసరం సార్. రక్తంలోకి చేరిన ఆ కాస్త బిస్మత్ కిడ్నీల ద్వారానే పోవాలి. అవి దెబ్బతింటే ఒంట్లో పేరుకుంటుంది, కాబట్టి డాక్టరుకు ముందే చెప్పి తీరాలి. బిస్మత్‌లో సబ్‌సాలిసిలేట్ అనే రకం ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. ఆస్పిరిన్ పడనివాళ్ళు, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్ళు, ఫ్లూ, అమ్మవారు పోసిన పిల్లలు దాని జోలికి వెళ్ళకూడదు. సబ్‌సిట్రేట్ అనే ఇంకో రకంలో ఆ ఆస్పిరిన్ చుట్టం, అంటే సాలిసిలేట్, ఉండదు.

నెల్లూరు పెద్దాయన:
సరే, డాక్టరు చూసి రాసిన రెండు వారాలకు ఒప్పుకుంటా. గ్యాస్ అనగానే చీటీ లేకుండా స్ట్రిప్పు చేతిలో పెట్టడానికి మాత్రం ఒప్పుకోను. ఏళ్ళ తరబడి మింగడం అలాగే మొదలవుతుంది.

ఒంగోలు ఫార్మసిస్టు:
అందులో నేనూ మీ వైపే.

కావలి కోడలు:
డాక్టరుగారితో మాట్లాడాను. హిమోగ్లోబిన్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు చేయించుకుని రేపు రమ్మన్నారు. ఇంకో మాట, మాత్రలన్నీ పాలతో ఇస్తున్నాం, పర్లేదా?

ఒంగోలు ఫార్మసిస్టు:
పాలతో వద్దమ్మా. పాలలోని కాల్షియం టెట్రాసైక్లిన్‌ను ఒంటికి పట్టనివ్వదు. గ్లాసు నిండా నీళ్ళతో ఇవ్వండి. పాలు, పెరుగు కనీసం రెండు గంటల తేడాతో పెట్టండి.