‘జారవిడిచిన’ రాయి పైకెలా పోతుంది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, తెలుగు మీడియం. ఫిజిక్స్‌లో ఈ లెక్క దగ్గర ఆగిపోయింది: ‘ఒక బెలూన్ 10 మీ/సె వేగంతో నిట్టనిలువుగా పైకి పోతోంది. నేల నుంచి 75 మీటర్ల ఎత్తులో ఉండగా అందులోంచి ఒక రాయిని జారవిడిచారు. రాయి ఎంతసేపటికి నేలను చేరుతుంది?’ జారవిడిచారు అన్నారు కదా అని తొలి వేగం సున్నా వేసింది, దాదాపు 3.9 సెకన్లు వచ్చింది. పుస్తకంలో జవాబేమో 5. రాయి ముందు పైకి పోయి తర్వాత పడుతుందట! జారడం అంటే కిందికే కదండీ? ఇక్కడ ఆ మాట వాడొచ్చా?

జవాబు: వాడొచ్చండీ. కిందికి అనే అర్థం మనం కలుపుకుంటున్నదే. అవకాశం జారవిడుచుకున్నాడు అంటాం, నోరు జారాడు అంటాం. వాటిలో కిందికి పడేది ఏముంది? పట్టు తప్పింది, అంతే. విసిరితే చెయ్యి తోస్తుంది, జారవిడిస్తే తొయ్యదు. పట్టు వదిలే ముందు రాయి ఎంత వేగంతో పోతోందో ఈ క్రియ చెప్పదు, లెక్కలోని ముందు వాక్యం చూసుకోవాలి. మేడ మీద నిలబడి వదిలితే సున్నా. ఇక్కడ రాయి కూడా బెలూన్‌తోపాటు 10 మీ/సెతో పైకి పోతోంది, కాబట్టి తొలి వేగం అదే. జి (గురుత్వ త్వరణం, అంటే భూమి లాగడం వల్ల సెకనుకు వేగం ఎంత మారుతుందో అది) విలువ 10 తీసుకుంటే, వదిలాక ఒక సెకనులో ఇంకో 5 మీటర్లు ఎక్కుతుంది. అక్కణ్ణుంచి 80 మీటర్లు పడటానికి 4 సెకన్లు. మొత్తం 5. ఒకే సమీకరణంలో చెయ్యాలంటే పైదిశను ప్లస్ అనుకుని స్థానభ్రంశం −75, తొలి వేగం +10, త్వరణం −10 వెయ్యమనండి.

ఇంకొకరు: ఒప్పుకుంటాను గానీ, పరీక్ష టెన్షన్‌లో ఉన్న పిల్లలకు ఇంత విచారణ ఎక్కడ కుదురుతుంది? ‘వదిలారు’ అని రాస్తే పోయేది.

మరొకరు (ఫిజిక్స్ చెబుతాను): ‘వదిలారు’ అని రాసినా సున్నాయే వేస్తారండీ, చూస్తూనే ఉన్నాం. నన్నడిగితే అంతకన్నా చిక్కుమాట ‘నేలను తాకినప్పుడు వేగం ఎంత?’ పడ్డాక ఆగిపోతుందిగా అని అక్కడా సున్నాయే. ‘తాకబోయే క్షణంలో’ అని ఉంటే ఏ గొడవా లేదు, పై లెక్కలో అది 40 మీ/సె. ‘గరిష్ఠ ఎత్తులో రాయి ఆగుతుంది’ అన్నదీ అలాంటిదే. ఆ క్షణాన వేగం సున్నా, త్వరణం మాత్రం కిందికి 10 అలాగే ఉంటుంది. అది కూడా సున్నా అయితే రాయి కిందికి రావాల్సిన పనే లేదు.