లోతుకు దిగే జర్క్‌బెయిట్ కొనాలా, మామూలుదే చాలా?

గట్టుమీది_వేణు (కమ్మింగ్, జార్జియా)

అందరికీ నమస్తే. లేక్ లానియర్‌లో నీళ్ళు ఇప్పుడు 48–50 ఫారన్‌హీట్ దగ్గర ఉన్నాయి. సోనార్‌లో (చేపల్ని తెర మీద చూపించే పరికరం) చూస్తే స్పాటెడ్ బాస్ చేప 15 నుంచి 18 అడుగుల్లో తేలుతూ కనిపిస్తోంది, అడుగు మాత్రం 40 పైనే. నా దగ్గరున్న జర్క్‌బెయిట్ (కుదుపుతూ లాగే చేప ఆకారపు ఎర) మెగాబాస్ విజన్ 110. అది ఐదారు అడుగులకు మించి దిగదు. పొడవు లిప్ (ఎరను కిందికి దించే ముందరి రేకు) ఉన్న దాని లోతు రకం ప్లస్ వన్ తీసుకో, ఎనిమిది దాకా పోతుంది అని షాపులో చెప్తున్నారు. ఒక్కోటి పాతిక డాలర్ల పైమాటే. పట్టి వదిలేసే చేపకు పాతిక డాలర్లేంటి అని ఇంట్లో ఇప్పటికే గొడవ. చేప 15 అడుగుల్లో ఉన్నప్పుడు ఎర ఆరులో ఉంటేనేం, ఎనిమిదిలో ఉంటేనేం? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

టేబుల్‌రాక్_బాబాయ్ (స్ప్రింగ్‌ఫీల్డ్, మిస్సోరి)

డబ్బు జేబులోనే పెట్టుకో వేణూ. తేట నీళ్ళలో బాస్ పైనున్న ఎర కోసం లేచి వచ్చే చేప. మా టేబుల్ రాక్ సరస్సులో 20 అడుగుల్లో ఉన్నది కూడా ఆరడుగుల్లో ఆగిన ఎర దగ్గరికి వస్తుంది. నువ్వు ఆపి ఉంచాలి, అంతే. మనవాళ్ళకు చేతకానిది ఆ ఆపడమే. రెండు కుదుపులు కుదిపి, చేప రాలేదని రీల్ తిప్పేస్తారు. 48 డిగ్రీల్లో పది సెకన్లు కదపకుండా ఉంచు, ఇంకా చల్లబడితే ఇంకాసేపు.

ఈ ఓజార్క్ సరస్సుల్లో పాతవాళ్ళు స్మిత్‌విక్ రోగ్ అనే జర్క్‌బెయిట్ తేలే రకంగానే దొరికిన రోజుల్లో హుక్‌లకు సీసం తీగ చుట్టి వేసేవాళ్ళు. ఎర పైకి తేలకుండా ఉన్నచోటే నిలబడాలని ఆ తిప్పలు. నీళ్ళు 45 కిందికి పడితే బాస్ తినే చిన్న చేప థ్రెడ్‌ఫిన్ షాడ్ చలికి తట్టుకోలేదు. కాసేపు గిలగిలా కొట్టుకుని, ఒరిగి, కదలకుండా ఉండిపోతుంది. జర్క్‌బెయిట్ ఆడే నాటకమంతా అదే. పొట్టి లిప్ ఎర కుదిపితే అటూ ఇటూ జారుతుంది. పొడవు లిప్ నీటిని పట్టేసుకుని ముక్కు కిందికి పెట్టి పోతుంది. ఆ జారుడు పోగొట్టుకుని రెండడుగుల లోతు కొనుక్కోవడం నష్టబేరం.

లైవ్‌స్కోప్_రవి (జాన్స్ క్రీక్, జార్జియా)

బాబాయ్ గారూ, మీ మాట మీ చెరువుకు సరిపోతుంది. లానియర్ లెక్క వేరు. ఇక్కడ స్పాట్లు (స్పాటెడ్ బాస్) బ్లూబ్యాక్ హెర్రింగ్ అనే చిన్న చేప వెనకాల పడతాయి. అది షాడ్ లాగా ఈ చలికి చచ్చి ఒరిగే రకం కాదు, నడి నీళ్ళలో గుంపులుగా తిరుగుతూనే ఉంటుంది. పది సెకన్లు ఆపితే ఇక్కడ చాలాసార్లు చేపకు ఆసక్తి పోతుంది.

ఇంకొకటి. లేచి వస్తుందని నమ్మడం వేరు, స్క్రీన్ మీద చూడటం వేరు. 15 అడుగుల నుంచి కదిలి, సగం దూరం వచ్చి, తిరిగి కిందికి వెళ్ళిపోయేవి బోలెడు. ఎర మరో రెండు మూడు అడుగులు దిగితే వాటిలో కొన్ని నోరు తెరుస్తాయి. వాన పడ్డాక లానియర్‌లో చెస్టాటీ నది వైపు నీళ్ళు రంగు మారినప్పుడు తేడా ఇంకా ఎక్కువ. కనిపించని ఎర కోసం చేప ఎందుకు లేస్తుంది? వేణు, ఒకటి కొను.

నీళ్ళలెక్క (రాలీ, నార్త్ కరోలినా)

ఇద్దరూ డబ్బా మీది అంకె పట్టుకుని వాదిస్తున్నారు. ఆ లోతు రావాలంటే సన్నని లైన్ (గాలం దారం), దూరపు కాస్ట్ (ఎర విసరడం) రెండూ కావాలి. అప్పుడు కూడా కాస్ట్ మధ్య భాగంలోనే వస్తుంది, మొదట దిగడానికి కొంత, చివర పైకి రావడానికి కొంత పోతుంది. రపాలా డౌన్ డీప్ హస్కీ జర్క్ లాంటివాటిని గ్రేట్ లేక్స్‌లో వాలై చేప కోసం బోటు వెనక లాగుతారు. అలా లాగినప్పటి లోతు కాస్ట్ చేసేవాడికి రాదు.

వేణు గారూ, మీ లైన్ ఎన్ని పౌండ్లు (అంటే ఎంత బరువు ఆపే రకం)? ఎవరూ అడగలేదు. ఫ్లోరోకార్బన్ లైన్ నీటికంటే బరువు, సాంద్రత సుమారు 1.78. 20 మీటర్ల 8 పౌండ్ల లైన్ నీళ్ళలో దాదాపు 0.65 గ్రాములు తూగుతుంది. 12 పౌండ్లదైతే గ్రాము దాకా. అదంతా ఎర మీదే పడదు కానీ, నిలబడాల్సిన ఎరను కిందికి గుంజడానికి అందులో కొంత చాలు. నీళ్ళు 60 నుంచి 45కి చల్లబడితే ఎర పైకి తేలుతుందని అందరూ చెప్తారు. నిజమే. కానీ 14 గ్రాముల ఎరకు ఆ తేడా గ్రాములో వందో వంతు. లైన్ మార్చినా, హుక్ సైజు మార్చినా వచ్చే తేడా అంతకు ఎన్నో రెట్లు.

తమాషా ఏంటంటే లావు లైన్ ఆగినప్పుడు ఎరను ముంచుతుంది, లాగినప్పుడు నీటి ఒరిపిడితో దిగనివ్వదు. అంటే రెండు రకాలా నష్టమే.

టేబుల్‌రాక్_బాబాయ్

రవీ, చెరువేంటి నాయనా? టేబుల్ రాక్ 43,000 ఎకరాలు, మీ లానియర్ 38,000. లెక్కల మాస్టారు చెప్పిన లైన్ సంగతి మాత్రం ఒప్పుకుంటా, నేను 8 దాటను. రంగు నీళ్ళ మాట కూడా సరే. కానీ రంగు నీళ్ళలో జర్క్‌బెయిటే ఎందుకు వెయ్యాలి? అది కళ్ళతో వేటాడే చేపను మోసం చేసే ఎర. నీళ్ళు మసకబారితే హాయిగా వేరే ఎర కట్టుకోవచ్చు.

సిరి_గాలం (నాక్స్‌విల్, టెనెసీ)

మీ అందరికీ బోటు ఉంది కాబట్టి ఈ చర్చ. నాలా ఒడ్డున నిలబడి వేసేవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు. ఒడ్డు నుంచి వేస్తే ఎర లోతు నుంచి మెరకకు వస్తుంది. పొడవు లిప్ సరిగ్గా చివరి పది గజాల్లో రాళ్ళను కొట్టుకుంటుంది. మూడు ట్రెబుల్ హుక్‌లు (మూడేసి కొక్కేల గాలాలు) ఉన్న ఎర రాయిలో ఇరుక్కుంటే పాతిక డాలర్లు నీళ్ళ పాలే. నిటారుగా దిగే గట్టు అయితే తప్ప నేను లోతు రకం కట్టను. అంతకంటే ముందు, ఏ ఎర కొన్నా బాత్‌టబ్‌లో ఐస్ వేసి మీ లైన్‌తోనే కట్టి చూసుకోండి. సస్పెండింగ్ (ఉన్న లోతులోనే నిలబడేది) అని డబ్బా మీద రాసినవాటిలో కూడా కొన్ని తేలతాయి, కొన్ని మునుగుతాయి. తేలేదానికి పొట్ట మీద స్టార్మ్ సస్పెన్‌డాట్స్ లాంటి సీసం బిళ్ళలు అంటిస్తే సరిపోతుంది.

లైవ్‌స్కోప్_రవి

సిరి గారు చెప్పింది ఒడ్డుకు నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. బాబాయ్ గారితో మాత్రం నా గొడవ అలాగే ఉంది. జారుడు తగ్గుతుందన్నారు, అది వాడే తీరును బట్టి కూడా ఉంటుంది. చాలామంది లోతు రకాన్ని మొదటి నుంచే కుదుపుతారు, అది దిగదు. రాడ్ కొన నీళ్ళ వైపు పెట్టి ఐదారు చుట్లు గట్టిగా తిప్పి దించాలి, తర్వాతే కుదపాలి. ప్రతి కుదుపు తర్వాత లైన్ వదులు చెయ్యాలి. బిగుసుకున్న లైన్ మీద ఏ ఎరా పక్కకు జారదు, పొట్టి లిప్‌దైనా సరే.

గట్టుమీది_వేణు

నాది 12 పౌండ్ల లైన్. ముందు 8 వేసి, ఉన్న 110తోనే చూస్తా. రవి అన్నా, శనివారం మీ ప్లస్ వన్ ఒకటి ఇస్తారా? రెండూ ఒకే పాయింట్ మీద వేసి చూస్తా.

లైవ్‌స్కోప్_రవి

ఇస్తాను. మునిగిన చెట్లున్న చోట మాత్రం వెయ్యకు తమ్ముడూ. పోతే పాతిక డాలర్లు నువ్వే ఇవ్వాలి.

టేబుల్‌రాక్_బాబాయ్

పది సెకన్లు లెక్కపెట్టు వేణూ. నోటితో, పైకి.