చంద్రగిరి దగ్గర పాతింటి రాతి ప్రహరీ కూలింది. మొత్తం తీసేయాలా, పడిన ముక్క వరకే కట్టుకోవచ్చా?

తాతగారిల్లు:
నమస్తే అందరికీ. చంద్రగిరి పక్క పల్లెలో మా తాత కట్టించిన ఇల్లు ఉంది, ప్రహరీ మొత్తం కొండరాయి, ఒకటిన్నర అడుగు మందం, 5 అడుగుల ఎత్తు. లోపల మట్టితో పేర్చి పైన సున్నం పూశారు. 2021 నవంబరు వానలకి, అదే రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్ళు ఖాళీ చేయించినప్పుడు, పక్కింటి వైపు గోడ కొంచెం పొట్ట ఉబ్బింది. అప్పుడు వచ్చిన మేస్త్రీ మా వైపు సందులన్నిట్లో సిమెంటు కూరి, ఇంక భయం లేదన్నాడు. ఈమధ్య పక్కింటివాళ్ళు దొడ్లో మట్టి తోలి రెండడుగులు ఎత్తు లేపారు. మొన్నటి వానకి ఉబ్బిన చోటే 10 అడుగుల మేర మా వాకిట్లోకి పడిపోయింది, దాని పక్కన ఇంకో ముక్క వాలి నిలబడి ఉంది. చూసిన వాళ్ళంతా పాతగోడ మొత్తం పీకేసి సిమెంటు బ్లాకులతో కట్టుకో అంటున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. ఈ రాతిగోడని నిలబెట్టుకునే దారి ఉందా? చిన్నపిల్లలున్న ఇల్లు, అదొక టెన్షన్.

సివిల్ చిత్తూరు:
గోడ సంగతి తర్వాత, ముందు ఆ వాలిన ముక్క దగ్గరికి ఎవరినీ పోనివ్వకండి. మన వైపు రాయి ఘనపు అడుగు దాదాపు 75 కిలోలుంటుంది, ఒక్కటి జారినా కాలు పోతుంది. గోడ ఎత్తుకంటే ఎక్కువ దూరంలో తాడు కట్టేయండి. వాన తగ్గాక తెలిసిన మనిషితో సర్వి కట్టెలు ఏటవాలుగా ఆనించి, గోడ తలమీద టార్పాలిన్ కప్పండి. పడిన రాళ్ళని ఉత్త చేతుల్తో ఎత్తకండి, సందుల్లో తేళ్ళు చేరి ఉంటాయి.

పలమనేరు రాతిపని:
అన్నా, మా నాయన కాలం నుంచి మాది రాతి పనే. మీకు కావాల్సిన సరుకంతా వాకిట్లోనే పడి ఉంది, ఒక్క రాయి కూడా ట్రాక్టరు ఎక్కించొద్దు. మొత్తం పీకాల్సిన పనే లేదు.

మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే పక్క దొడ్లో దిగిన నీళ్ళు గోడలోకి వచ్చాయి, ఇవతల సందులన్నీ సిమెంటుతో మూసుకుపోయి ఉండేసరికి బయటికి రాలేక లోపలి మట్టిని కరిగించేశాయి. గోడ తెగిన అంచు మీదికి దూరం నుంచే టార్చి వేసి చూడండి. రెండు మొగాల పెద్దరాళ్ళ మధ్య పైన బోలుగా ఉండి, అడుగున మట్టి, చిల్లరాళ్ళు జారి కుప్పపడి ఉంటే అదే రోగం. కూరిన సిమెంటు మాత్రం రాళ్ళని వదిలి పట్టీలు పట్టీలుగా ఊడి వేలాడుతుంటుంది. మట్టిగోడకి సిమెంటు సందులు పెట్టడం నాకు అసలు నచ్చని పని, గోడకి ఊపిరి ఆడదు.

వాలిన ముక్కని పైనుంచి ఒక్కో వరస విప్పుకుంటూ రండి, గట్టిగా ఉన్న గోడ తగిలేదాకా మెట్లు మెట్లుగా. నిలువుగా కోసినట్టు ఆపితే కొత్త పని పాతదానికి కలవదు. బయటికి కనిపించే మొగం రాళ్ళు ఒక పక్క, పొడుగు రాళ్ళు ఒక పక్క, చిప్పలు అంటే చిన్న రాతి ముక్కలు ఒక పక్క వేసుకోండి. అడుగు వరస కదలకుండా మట్టంగా ఉంటే దాన్ని ముట్టుకోవద్దు. కుంగి ఉంటే మాత్రం గట్టి నేల తగిలేదాకా తవ్వాల్సిందే. రావి మొక్క వేర్లు కనిపిస్తే ఇప్పుడే మొదలంటా తీసేయండి.

కట్టేటప్పుడు అసలు గుట్టు పొడుగు రాళ్ళలో ఉంది. ఈ మొగం నుంచి ఆ మొగం దాకా గోడ మందమంతా పట్టే రాయి అర చదరపు మీటరుకి ఒకటైనా పడాలి, ఇంజనీర్ల కోడ్ కూడా అదే చెబుతుంది. అవి లేకపోతే పక్కపక్కన నిలబెట్టిన రెండు సన్నగోడలే, ఎప్పుడో ఒకప్పుడు విడిపోతాయి. ప్రతి రాయీ వెడల్పు మొగం మీద కూర్చోవాలి, పొడవు లోపలికి పోవాలి, సందు మీద సందు రాకూడదు. మధ్యలో చిప్పల్ని ఒక్కొక్కటి చేత్తో పెట్టి సుత్తితో బిగించమనండి. కొందరు గమేళాతో రాళ్ళూ మట్టీ కలిపి గుమ్మరించేస్తారు, మీరు దగ్గరుండి ఆపండి. రోజుకి అడుగున్నర కంటే పైకి లేపనివ్వద్దు.

అడుగున నాలుగైదు అడుగులకొకటి మూడంగుళాల పీవీసీ పైపు, మీ వైపుకి కాస్త వాలుగా పెట్టించండి. వెనకాల అడుగు వెడల్పున 40 ఎంఎం కంకర పోస్తే పైపులోకి మట్టి చేరదు. గోడ తలకి కడప బండలు రెండు వైపులా రెండేసి అంగుళాలు బయటికి వచ్చేలా పరిస్తే పైనుంచి పడే వాన లోపలికి దిగదు.

ఎర్రమట్టి తిరుపతి:
బ్లాకులు పెట్టేస్తే వారంలో అయిపోతుంది కదా బ్రో. సున్నం పని తెలిసిన బేల్దారి ఇప్పుడు ఎక్కడ దొరుకుతాడు? రాతిగోడకి కూలీ ఖర్చు చూసుకున్నారా?

పలమనేరు రాతిపని:
కూలీ ఎక్కువే, కాదనను. రాయి, పునాది ఉన్నాయి కాబట్టి ఆ మేర ఖర్చు తగ్గుతుంది. బ్లాకుల గోడ కట్టినా పక్క దొడ్డి మట్టి తోపు అలాగే ఉంటుంది, నీళ్ళకి దారి లేకపోతే అదీ నిలవదు.

రాళ్ళ మధ్య పెట్టే గారకి సున్నం ఒక పాలు, కడిగిన ఇసుక మూడు పాళ్ళు. రాళ్ళ సున్నం తెచ్చుకుంటే ముందే నీళ్ళలో ఉడికించి కొన్ని వారాలు నానబెట్టాలి, ఉడికేటప్పుడు చిమ్మి కళ్ళలో పడితే చూపు పోతుంది, పిల్లల్ని అటు రానివ్వకండి. పాతకాలంలో కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కూడా కలిపేవాళ్ళు. మీ ఊరి పక్కన కోటలో రాజమహల్ చూడండి, రాయి, ఇటుక, సున్నంతోనే, కట్టె వాడకుండా కట్టారు.

పుత్తూరు అక్క:
తమ్ముడూ, గోడ విప్పకముందే పక్కింటివాళ్ళని పిలిచి మాట్లాడు. మా పుట్టింట్లో గోడ పీకి పునాది కూడా తీసేశాక, హద్దు ఎక్కడని మొదలైన గొడవ పెద్దమనుషుల దాకా పోయింది. గ్రామకంఠం ఇళ్ళకి చాలాచోట్ల కాగితాల్లో కొలతలు సరిగా ఉండవు, ఆ అడుగు వరస రాళ్ళే నీకు సాక్ష్యం. ఇంటి మూల నుంచి గోడదాకా టేపు పట్టి, టేపు అంకెలు కనిపించేలా ఫొటోలు తీసుకో. అనుమానం ఉంటే సచివాలయంలో సర్వేయర్‌కి అర్జీ పెట్టు. వాళ్ళు లేపిన మట్టి గోడకి ఆనకుండా వెనక్కి తీయమని కూడా మెల్లగా అడుగు, ఖర్చులో వాళ్ళకీ కొంత భాగం ఉంది.

తాతగారిల్లు:
అందరికీ చాలా థాంక్స్. టార్చి వేసి చూశాను, పలమనేరు అన్న చెప్పినట్టే నడుమంతా బోలుగా ఉంది. పక్కింటి మామతో మాట్లాడితే గోడ వెంబడి మట్టి తీయించడానికి ఒప్పుకున్నాడు, ఖర్చు సంగతి ఇంకా తేలలేదు. పైపుల్లోంచి వచ్చే నీళ్ళు మా వాకిట్లో నిలిచిపోవా? పని వెంటనే మొదలుపెట్టొచ్చా?

పలమనేరు రాతిపని:
గోడకి అడుగు దూరంలో చిన్న కాలువ తీసి వీధి కాలువలో కలపండి. వీధిలో సీసీ రోడ్డు మీ వాకిలికంటే ఎత్తులో ఉంటే ముందే మట్టం చూసుకోండి, లేకపోతే నీళ్ళు వెనక్కి తన్నుతాయి. డిసెంబరు దాటేదాకా రాయి పేర్చొద్దు, పచ్చి సున్నం వానకి కొట్టుకుపోతుంది. వాలిన ముక్కని మాత్రం ఆగకుండా, తెరిపి ఇచ్చిన రోజు చూసి విప్పించేయండి. సంక్రాంతి తర్వాత కడితే ఎండ ముదరకముందే అయిపోతుంది, తడి గోనెపట్టలు కప్పి రెండు వారాలు ఆరకుండా చూసుకోండి.