నేపాల్‌లో స్వచ్ఛంద సేవ, ఆపై అన్నపూర్ణ ట్రెక్: ఏయే సామాను తీసుకువెళ్లాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. వచ్చే అక్టోబరులో నేపాల్‌లోని గోర్ఖా జిల్లాలో ఒక పల్లె బడిలో నెల రోజులు పాఠాలు చెప్పి, అక్కడి నుండి పోఖరా మీదుగా అన్నపూర్ణ బేస్ క్యాంప్‌కు నడవాలనుకుంటున్నాను. బడికి తగిన దుస్తులు, 4,130 మీటర్ల ఎత్తున చలిని ఆపే దుస్తులు, పిల్లలకు ఇవ్వదలచిన పుస్తకాలు, బొమ్మలు అన్నీ కలిపితే సంచి ఇరవై కిలోలు దాటుతోంది. వేటిని తీసివేయవచ్చో తెలుపగలరు.

మొదటి సమాధానం:
సామానును ముందుగా రెండు సంచులుగా విడదీయండి. బడిలో వాడినవన్నీ పోఖరాలో మీరు దిగే హోటల్లో వదిలి, ట్రెక్‌కు కావలసినవి మాత్రమే వెంట తీసుకువెళ్లండి. పక్షి ఈకలు నింపిన మందపాటి డౌన్ జాకెట్, స్లీపింగ్ బ్యాగ్ పోఖరాలోని లేక్‌సైడ్‌లోనో, కాఠ్‌మాండూలోని థమేల్‌లోనో అద్దెకు దొరుకుతాయి కనుక వాటిని ఇంటి నుండి మోయనక్కరలేదు. బూట్లు మాత్రం అక్కడ కొనవద్దు. ఇప్పటి నుంచే రోజూ తొడుక్కుని నడిచి, పాదాలకు అలవాటు చేసుకున్న జతతోనే బయలుదేరండి. దారిలో వచ్చే ఛోమ్రోంగ్ ఊరి దగ్గర రాతి మెట్లు ఎక్కడం కంటే దిగడమే మోకాళ్లకు కష్టం కనుక చేతికర్రలు రెండూ ఉంచుకోండి. దిగువన చెమట పట్టి, పైన గడ్డకట్టే దారి ఇది. నూలు చొక్కా ఒకసారి తడిస్తే త్వరగా ఆరదు, కాబట్టి లోపల త్వరగా ఆరే బట్ట, దానిపై వెచ్చని ఫ్లీస్ చొక్కా, అన్నిటికీ పైన వానను, గాలిని ఆపే కోటు ఉంటే చాలు. రాత్రి చలికి బ్యాటరీల శక్తి తగ్గుతుంది, అందుచేత ఫోనును, పవర్ బ్యాంకును స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకోండి.

రెండవ సమాధానం:
పుస్తకాలు, బొమ్మలు తీసివేయండి. ఏవి అవసరమో బడివారినే అడిగి గోర్ఖా బజారులో కొంటే, బరువు తగ్గడమే కాక స్థానిక వ్యాపారికి బేరం దొరుకుతుంది, పిల్లలకు నేపాలీ పుస్తకాలు అందుతాయి. సామాను మోసే పోర్టర్‌ను పెట్టుకున్నా మీ ఇష్టం వచ్చినంత బరువు అతనిపై మోపవద్దు. పోర్టర్ల రక్షణ కోసం పనిచేసే సంస్థలు వయోజనులైన పోర్టర్లకు కూడా 30 కిలోలనే గరిష్ఠంగా సూచిస్తాయి, అందులో అతని సొంత సామాను కూడా కలిసే ఉంటుంది.

మూడవ సమాధానం:
ఛోమ్రోంగ్ దాటాక ప్లాస్టిక్ సీసాల నీరు దొరకదు కనుక నీటిని శుద్ధిచేసే మాత్రలో ఫిల్టరో తప్పనిసరి. మూడు వేల మీటర్లు దాటాక, శరీరం ఎత్తుకు అలవాటు పడేందుకు, పడుకునే చోటు ఎత్తు ఒక్క రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకపోవడం మంచిది. దారిలోని దేవురాలి మజిలీ నుండి ఒకే రోజులో బేస్ క్యాంప్ చేరే బదులు 3,700 మీటర్ల వద్ద మచ్ఛపుచ్ఛ్రే బేస్ క్యాంప్‌లో ఆగండి. ఎత్తు వల్ల వచ్చే అనారోగ్యాన్ని నివారించే ఎసిటజోలమైడ్ మాత్రలను వైద్యుని సలహాతోనే వాడాలి.

సామాను కంటే ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. నేపాలీల దసరా అయిన దశైం పండుగ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే వస్తుంది, బడులకు చాలా రోజులు సెలవులుంటాయి. మీరు వెళ్లే నెలలో బడి ఎన్నాళ్లు తెరిచి ఉంటుందో కనుక్కోండి. పర్యాటక వీసాపై జీతం లేని పని కూడా చేయకూడదు, కాబట్టి మీకు ఏ వీసా అవసరమో మిమ్మల్ని పిలిచిన సంస్థను రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. పుస్తకాలు తీసి తూచాను, సంచి పద్నాలుగు కిలోలకు దిగింది. దశైం తేదీల గురించి ఈ రోజే బడికి రాస్తున్నాను.