అల్ట్రాసౌండ్‌లో చంక శుభ్రంగా ఉంటే సెంటినెల్ నోడ్ తీయాలా, వదిలేయాలా?

కృష్ణాతీరం:
మా పెద్దమ్మకు 63 ఏళ్లు. కుడి రొమ్ములో 1.4 సెం.మీ. గడ్డ, బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. హార్మోన్ రిసెప్టర్లు పాజిటివ్ (హార్మోన్ల ప్రభావంతో పెరిగే రకం), హెర్2 నెగటివ్ (ఆ పేరున్న ప్రోటీన్ ఎక్కువగా లేదు), గ్రేడ్ 2 (మధ్యస్థ ఉధృతి). చంక అల్ట్రాసౌండ్‌లో ఏమీ కనబడలేదు. ఒక డాక్టర్ గారు "గడ్డ వరకే తీద్దాం, చంక జోలికి వెళ్లొద్దు, తర్వాత రేడియేషన్ ఇద్దాం" అన్నారు. ఇంకొకరేమో "జబ్బు ముందుగా చేరే చంకలోని లింఫ్ గ్రంథులు, అంటే సెంటినెల్ నోడ్స్, ఒకటి రెండు తీసి చూడకుండా ఎలా వదిలేస్తాం?" అంటున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. నాకైతే తీసి చూడటమే మేలనిపిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

గోదావరి సర్జన్:
మీ పెద్దమ్మగారి విషయంలో నేను మొదటి డాక్టర్ గారి పక్షం.

చంక నోడ్స్ తీసేస్తే జబ్బు ఆగిపోతుందని మన జనంలో గట్టి నమ్మకం. అది నిజమైతే 1971లో అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ బృందం మొదలుపెట్టిన బి-04 ట్రయల్‌లో తేలిపోయి ఉండాలి. తడిమితే నోడ్స్ తగలనివారిలో కొందరికి చంక మొత్తం తీశారు. వారిలో సుమారు 40 శాతం మందికి నోడ్స్‌లో క్యాన్సర్ దొరికింది. చంక తీయకుండా వదిలేసినవారిలోనూ దాదాపు అంతమందికి ఉండే ఉంటుంది కదా. కానీ తర్వాత చంకలో జబ్బు బయటపడింది వారిలో ఐదో వంతు కంటే తక్కువ మందికే. ఎంతకాలం బతికారన్న లెక్కలో రెండు వైపులా తేడా రాలేదు.

తర్వాత 1990లలో సెంటినెల్ పద్ధతి వచ్చింది. నీలిరంగు మందో, రేడియో ట్రేసరో రొమ్ములోకి ఎక్కిస్తే, అది ముందుగా చేరే ఒకటి రెండు నోడ్స్‌ను మాత్రమే తీసి పరీక్షిస్తాం. 5,611 మందితో జరిగిన బి-32 ట్రయల్‌లో, సెంటినెల్ శుభ్రంగా ఉంటే మిగతా చంకను వదిలేసినా నష్టం లేదని 2010లో తేలింది. ఇప్పుడు ఇంకో మెట్టు. ఇటలీ కేంద్రంగా జరిగిన సౌండ్ ట్రయల్ (2023) 2 సెం.మీ. లోపు గడ్డ ఉండి, అల్ట్రాసౌండ్ శుభ్రంగా ఉన్నవారిని చూసింది. ఐదేళ్లకు జబ్బు వేరే అవయవాలకు పాకకుండా ఉన్నవారు సెంటినెల్ తీసిన వైపు 97.7 శాతం, అసలు చంక ముట్టుకోని వైపు 98.0 శాతం. జర్మనీ, ఆస్ట్రియాల్లో జరిగిన ఇన్సెమా (2024) కూడా అదే దారిలో ఉంది. దాంట్లో చెయ్యి వాపు సెంటినెల్ తీసినవారిలో 5.7 శాతం, తీయనివారిలో 1.8 శాతం.

అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఆస్కో 2025 మార్గదర్శకాల ప్రకారం నెలసరి ఆగి 50 దాటినవారు, 2 సెం.మీ. లోపు గడ్డ, గ్రేడ్ 1 లేదా 2, హార్మోన్ పాజిటివ్, హెర్2 నెగటివ్, అల్ట్రాసౌండ్ శుభ్రం, రొమ్ము నిలిపే ఆపరేషన్ అయితే సెంటినెల్ మానేయవచ్చు. మీ పెద్దమ్మగారు సరిగ్గా ఈ కోవలోకే వస్తారు.

రేడియేషన్ వార్డు:
సర్జన్ గారి అంకెలతో నాకు పేచీ లేదు. కానీ సౌండ్, ఇన్సెమా ట్రయల్స్‌లో రొమ్ము నిలిపే ఆపరేషనే. తర్వాత దాదాపు అందరికీ రొమ్ముకు రేడియేషన్. ఆ రేడియేషన్ చంక కింది భాగానికీ కొంత తగులుతుంది. మన దగ్గర ఏం జరుగుతోంది? "కరెంటు పెట్టించుకోవడానికి మూడు వారాలు సిటీలో ఎక్కడుంటాం, రొమ్ము మొత్తం తీసేయండి" అనే కుటుంబాలు నాకు తరచూ ఎదురవుతాయి. అప్పుడు ఆ ఫలితాలు వర్తించవు. పైగా రొమ్ము తీసేశాక సెంటినెల్ చూద్దామంటే కుదరదు. రంగు ఎక్కించడానికి రొమ్మే ఉండదు.

రెండోది అల్ట్రాసౌండ్. చంక చూడటంలో చెయ్యి తిరిగినవారు చేస్తేనే దాని విలువ. "చంక: నార్మల్" అని ఒక్క ముక్క రాసిన రిపోర్టును నమ్మి వదిలేయడానికి నాకు మనసొప్పదు. నోడ్ పైపొర మందం ఎంత, మధ్యలో కొవ్వు భాగం కనబడుతోందా, ఇవి రాసి ఉండాలి. ఈ రెండూ ఖాయం కానంతవరకు సెంటినెల్ చేయించుకోమనే నా సలహా.

వరంగల్ అక్క:
కృష్ణాతీరం చెల్లీ, నాకు సెంటినెల్ అనే మాటే ఎవరూ చెప్పలేదు. చిన్న గడ్డే. అయినా చంకంతా తీసేశారు. రిపోర్టులో ఒక్క నోడ్‌లోనూ క్యాన్సర్ లేదు. ఇప్పుడు ఎడమ చేతికి గాజులు ఎక్కవు, జాకెట్ చెయ్యి విడిగా వదులు చేసి కుట్టించుకోవాలి. మోచేతి పైన లోపలి వైపు తాకితే స్పర్శ తెలియదు. ఒకటి రెండు నోడ్స్ తీయాలా వద్దా అని మీరు వాదించుకుంటున్నారు, నాలాంటి వాళ్లకు ఇంకా మొత్తం తీసేస్తున్నారు. ముందు అది ఆపించండి.

గోదావరి సర్జన్:
అక్క చెప్పిందే పెద్ద సమస్య. గామా ప్రోబ్ (రేడియో ట్రేసర్‌ను పసిగట్టే పరికరం) లేదని చంకంతా తీయడం సమంజసం కాదు. నీలిరంగు మందు మిథిలీన్ బ్లూ చాలా చవక. ముంబై టాటా మెమోరియల్‌లో లో యాగ్జిలరీ శాంప్లింగ్ కూడా చేస్తారు. చంకలో అడ్డంగా వెళ్లే మొదటి నరానికి కింద ఉన్న కొవ్వును నోడ్స్‌తో సహా తీయడమే. ఖరీదైన యంత్రం అక్కర్లేదు.

రేడియేషన్ వార్డు గారూ, రొమ్ము మొత్తం తీసే పక్షంలో సెంటినెల్ చేయాలన్నది నాకూ సమ్మతమే. కానీ రేడియేషన్‌కు రారేమోనన్న అనుమానంతో, వస్తామన్నవారి చంక కూడా కోయడం న్యాయం కాదు. గది, ప్రయాణం, ఆరోగ్యశ్రీ కాగితాలు ఆపరేషన్‌కు ముందే కూర్చుని తేల్చుకోవాలి.

రేడియేషన్ వార్డు:
ముందే తేల్చుకుంటే సరే. నా అనుభవంలో అది ఆపరేషన్ అయ్యాకే మొదలవుతుంది.

నల్లమల:
మా వదినకు 44. ఇలాగే చిన్న గడ్డ, హార్మోన్ పాజిటివే. తనకూ మానేయవచ్చా?

గోదావరి సర్జన్:
వద్దండి, తనకు సెంటినెల్ చేయించండి. నెలసరి ఇంకా ఉన్నవారిలో ఒక్క నోడ్ పాజిటివ్ వచ్చినా కీమో ఇవ్వాలా అన్న నిర్ణయం మారవచ్చు. కృష్ణాతీరం గారూ, మీరు అల్ట్రాసౌండ్ రిపోర్టులో చంక గురించి రాసిన వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెట్టండి. పేరు, ఐడీ నంబరు చెరిపేయండి.