డెవాప్స్ వల్ల ఓనర్‌కి మిగిలేదేంటి? మా సార్‌కి అర్థమయ్యేలా చెప్పండి

అలిపిరి_కోడర్:
అందరికీ నమస్తే. తిరుపతిలో తొమ్మిది మంది పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు మాది. లాడ్జీలకు బిల్లింగ్, రూమ్ బుకింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. ఊళ్లోనూ, శ్రీకాళహస్తిలోనూ, చిత్తూరులోనూ కలిపి అరవై మంది కస్టమర్లు. డెవాప్స్ అంటే కోడ్ రాసేవాళ్లే దాన్ని కస్టమర్‌కి చేర్చి నడిపించే పని కూడా చూసుకుంటూ, ఆ దారిలోని పనులను వీలైనంత దానంతటదే జరిగేలా చేసుకోవడం. ఆర్నెల్లుగా నేను డెవాప్స్ డెవాప్స్ అని తల తింటుంటే నిన్న మా సార్ కూర్చోబెట్టి ఒకటే అడిగాడు, "దానివల్ల నాకు నెలకెంత మిగులుతుంది?" అని. నేను పైప్‌లైన్ (కోడ్ దానంతటదే టెస్టయి కస్టమర్‌కి చేరే వరస) అనీ ఆటోమేషన్ అనీ ఏదో గొణిగాను. "అంటే ఇంకో మనిషికి జీతం, క్లౌడ్‌కి ఇంకో బిల్లు, అంతేగా" అని లేచి వెళ్లిపోయాడు. సోమవారం మళ్లీ మాట్లాడదామన్నాడు.

మా పని ఎలా జరుగుతుందో చెబుతా, నవ్వకండి. కోడ్ గిట్‌లోనే (ప్రతి మార్పూ గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్) ఉంది, అంతవరకు పర్లేదు. రిలీజ్ (కొత్త వెర్షన్ కస్టమర్లకు పంపడం) మాత్రం మూడు నెలలకోసారి. బిల్డ్ (కోడ్‌ని నడిచే సాఫ్ట్‌వేర్‌గా మార్చడం) మా సీనియర్ ఒకాయన ల్యాప్‌టాప్‌లోనే అవుతుంది, ఇంకెవరి దగ్గర చేసినా ఏదో ఒక ఎర్రర్. ఆ తర్వాత ఒక్కో లాడ్జికి ఫోన్ చేసి, కౌంటర్‌లో రద్దీ లేని టైమ్ కనుక్కుని, ఎనీడెస్క్‌లో (దూరం నుంచే వాళ్ల కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) వెళ్లి ఫైళ్లు మారుస్తాం. ఇదంతా మా సార్‌కి మామూలుగానే కనిపిస్తుంది, ఎందుకంటే పదేళ్లుగా ఇలాగే నడుస్తోంది.

చిత్తూరు_టు_బెంగళూరు:
తమ్ముడూ, ముందు ఇది చెప్పు. 2025 సెప్టెంబర్‌లో రూముల జీఎస్టీ మారినప్పుడు మీకు ఎన్ని రోజులు పట్టింది?

అలిపిరి_కోడర్:
అన్నా, మానిన పుండు గెలికావు. 3వ తేదీన కౌన్సిల్ చెప్పింది, రోజుకు 7,500 రూపాయల లోపు రూములకు 12 శాతం పోయి 5 శాతం, 22 నుంచి అమలు అని. 24న కొండమీద బ్రహ్మోత్సవాలు మొదలు, ఊళ్లో ఒక్క రూము ఖాళీ ఉండని రోజులు. రేటు మార్చడం పది నిమిషాల పని, కానీ అదే బిల్డ్‌లో మూడు నెలలుగా పేరుకుపోయిన ఇంకో నలభై మార్పులున్నాయి, అవన్నీ చూసుకోకుండా ఎలా పంపుతాం? ఇద్దరం కూర్చుని చేత్తో టెస్ట్ చేయడానికే పన్నెండు రోజులు. మిగిలిన ఏడు రోజులూ రాత్రిళ్లు ఎనీడెస్క్. 21 రాత్రికి ఇంకా ఎనిమిది లాడ్జీలు మిగిలిపోయాయి. పొద్దున్నే వాటిలో పాత 12 శాతమే పడింది. మార్చేశాం అనుకున్న వాటిలో కూడా రెండుచోట్ల బిల్లులో 5, అడ్వాన్స్ రసీదులో 12. ఆ రోజు నా ఫోన్ ఛార్జర్ మీంచి తియ్యలేదు.

చిత్తూరు_టు_బెంగళూరు:
సోమవారం ఇదే చెప్పు, వేరే ఏం అక్కర్లేదు. పది నిమిషాల మార్పుకి ఇద్దరు మనుషులు పందొమ్మిది రోజులు. ఆ ఇద్దరి జీతం లెక్కేసి కాగితం మీద రాయి, ఆ పందొమ్మిది రోజుల్లో ఆగిపోయిన కొత్త పని ఏదో దాని పక్కనే రాయి. ఓనర్లకు పైప్‌లైన్ అర్థం కాదు, జీతం అర్థమవుతుంది.

డెవాప్స్ అనగానే అందరూ "వేగం" అంటారు. నాకు అది సగమే అనిపిస్తుంది. అసలు లాభం రిలీజ్ అంటే భయం పోవడం. మూడు నెలలకోసారి నలభై మార్పులు పంపితే ఏది పాడుచేసిందో వెతకడానికే రెండు రోజులు. అదే వారానికి మూడు మార్పులు పంపితే, తప్పు జరిగినా ఆ మూడింట్లోనే ఉంటుంది, అరగంటలో వెనక్కి తీసుకోవచ్చు. ఇది కొత్త సంగతేమీ కాదు. 2009లో ఫ్లికర్ అనే ఫొటోల సైట్‌లో పనిచేసే ఇద్దరు ఒక సభలో రోజుకు పదికి పైగా డెప్లాయ్‌లు (కొత్త కోడ్‌ని వాడకంలోకి పెట్టడం) చేస్తున్నామని చెబితే చాలామంది నోరెళ్లబెట్టారు, ఆ ఏడాదే బెల్జియంలోని ఘెంట్‌లో డెవాప్స్‌డేస్ అనే సభ మొదటిసారి జరిగింది, ఈ పేరు అక్కణ్నుంచే పాకింది. ఆ తర్వాత డోరా అనే పరిశోధన బృందం ఏళ్ల తరబడి టీములను గమనించి నాలుగు కొలతలు తేల్చింది. ఎంత తరచుగా రిలీజ్ చేస్తున్నారు, రాసిన కోడ్ కస్టమర్‌కి చేరడానికి ఎంత టైమ్ పడుతోంది, రిలీజుల్లో ఎన్ని చెడిపోతున్నాయి, చెడితే ఎంతసేపట్లో బాగుచేస్తున్నారు. తొందరగా చేసేవాళ్లే ఎక్కువ పాడుచేస్తారని మనమనుకుంటాం కదా, బాగా నడిచే టీముల్లో వేగమూ నిలకడా రెండూ కలిసే కనిపించాయి.

మీ ఎనిమిది లాడ్జీల కథ వింటే నాకు గుర్తొచ్చింది ఇంకోటి. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల కంపెనీ. ఎనిమిది సర్వర్లలో కొత్త కోడ్ వేయాలి, చేత్తో వేస్తూ ఒకదాన్ని మర్చిపోయారు. మార్కెట్ తెరవగానే ఆ ఒక్క సర్వర్‌లో ఎప్పుడో వాడటం మానేసిన పాత కోడ్ లేచి కూర్చుంది, ముప్పావుగంటలో 44 కోట్ల డాలర్లకు పైగా పోయింది. మీకు అరవైలో ఎనిమిది మిగిలాయి. లాడ్జి బిల్లులు కాబట్టి సరిపోయింది.

పాత_సర్వర్:
అన్నా అంతా బాగుంది కానీ ఇది డెవాప్స్ సమస్య కానే కాదు. పన్ను రేటును కోడ్‌లో రాసినవాడిది తప్పు. కోడ్‌లో కాకుండా డేటాబేస్ టేబుల్‌లో అమలు తేదీతో సహా పెట్టుకుంటే 3వ తేదీనే ఎక్కించేసి హాయిగా పడుకునేవాళ్లు. ప్రతిదానికీ డెవాప్స్ మందు పూయకండి.

నేను కాలిన చేతులతో చెబుతున్నా. మా పాత ఆఫీసులో ఎవరో కాన్ఫరెన్స్‌కి వెళ్లొచ్చి, ఉన్నది ముగ్గురు కస్టమర్లు, వాళ్ల కోసం కుబెర్నెటీస్ (ఎన్నో సర్వర్ల మీద సాఫ్ట్‌వేర్ నడిపే పెద్ద సెటప్) పెట్టారు. డెవాప్స్ ఇంజనీర్ అని ఒకబ్బాయిని తీసుకున్నారు, పాపం ఆ అబ్బాయే రాత్రిళ్లు అన్నీ చూసుకునేవాడు, డెవలపర్లు మాత్రం ఎప్పట్లాగే కోడ్ గోడవతలికి విసిరేసి ఇంటికి పోయేవాళ్లు. క్లౌడ్ బిల్లు మూడింతలైంది. ఏడాదికి ఆ అబ్బాయీ వెళ్లిపోయాడు, ఆ సెటప్ ముట్టుకోడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

చిత్తూరు_టు_బెంగళూరు:
రేటు టేబుల్‌లో పెట్టాలన్నది నిజమే, ఒప్పుకుంటా. కానీ అది వాళ్లకు తెలియకనా? తెలుసు. రిలీజ్ అంటే పెళ్లి పనంత హడావిడి కాబట్టి "వచ్చేసారి చూద్దాం" అని వాయిదా వేస్తూ వచ్చారు. రేటు టేబుల్‌లో ఉన్నా, రసీదులో ఇంకోచోట రాసిన 12 దొరికేది కాదు, దాన్ని పట్టుకోవాలంటే ప్రతి మార్పుకీ దానంతటదే నడిచే బిల్లు టెస్ట్ ఉండాలి. కుబెర్నెటీస్ సంగతిలో మాత్రం నీతో నూటికి నూరు. మనిషిని కొత్తగా తీసుకుని అతని నెత్తిన పెట్టడం డెవాప్స్ కాదు, రాసినవాడే అది నడిచే తీరు కూడా చూసుకోవడం.

కౌంటర్_మనిషి:
నేను బస్టాండ్ దగ్గర ఒక లాడ్జిలో మేనేజర్‌ని, మా అబ్బాయి చదివి వినిపిస్తే రాస్తున్నా. మీది కాదులెండి, వేరేవాళ్ల సాఫ్ట్‌వేర్. ఆ 22న మాకూ ఇదే గోల. చెన్నై నుంచి వచ్చినాయన ఫోన్‌లో పేపర్ వార్త చూపించి 5 శాతమే కదా అని కౌంటర్ మీద కొట్టి మరీ అడిగాడు, వెనక లైన్లో లగేజీతో పదిహేను మంది. చివరికి బిల్లు పుస్తకం తీసి రెండు రోజులు చేత్తో రాశాం. మీ డెవాప్స్ ఏమిటో నాకు తెలియదు కానీ, జనవరిలో ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం డబ్బు) కట్టేటప్పుడు మా ఓనర్ ఇదే గుర్తుచేసుకుని కంపెనీ మార్చేశాడు. కొత్తవాళ్లు పదో పరకో ఎక్కువే తీసుకుంటారు. రాత్రి రెండింటికి దానంతటదే అప్‌డేట్ అవుతుంది, పొద్దున ఏం మారిందో తెలుగులో రెండు లైన్లు వస్తాయి. మాకు అది చాలు.

పాత_సర్వర్:
ఈ మేనేజర్ గారి పోస్టు ప్రింట్ తీసి మీ సార్ టేబుల్ మీద పెట్టు. మిగతా మాటలన్నీ దండగ.

అలిపిరి_కోడర్:
నిజంగా తీస్తున్నా. మాకూ ఆ ఎనిమిదింట్లో ముగ్గురు ఏఎంసీ రెన్యూ చేయలేదు, ధర ఎక్కువై అనుకున్నాం ఇన్నాళ్లూ. ఆ మూడు ఏఎంసీలూ, మా ఇద్దరి పందొమ్మిది రోజుల జీతమూ కలిపి లెక్క రాశాను, మా సార్ అడిగిన "నెలకెంత"కి చూపించడానికి పెద్ద అంకే వచ్చింది.

కానీ ఎక్కడ మొదలుపెట్టాలి? అన్నీ లాడ్జీల సొంత కంప్యూటర్లలోనే ఉన్నాయి, క్లౌడ్‌లో కాదు.

చిత్తూరు_టు_బెంగళూరు:
క్లౌడ్ ఊసే ఎత్తకు ఇప్పుడు. ముందు బిల్డ్‌ని ఆ ల్యాప్‌టాప్‌లోంచి బయటికి లాగు. బిల్డ్ దానంతటదే చేసే జెన్‌కిన్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఆఫీసులో మూలన పడున్న కంప్యూటర్ చాలు. లేదంటే అదే పని ఇంటర్నెట్‌లో చేసిపెట్టే గిట్‌హబ్ యాక్షన్స్‌లో ప్రైవేట్ కోడ్‌కి కూడా నెలకు 2,000 నిమిషాలు ఉచితం, తొమ్మిది మందికి బోలెడు. తర్వాత బిల్లు లెక్కలకు మాత్రమే టెస్టులు రాయండి, స్క్రీన్ల జోలికి పోవద్దు. ఆ తర్వాత చిన్న అప్‌డేటర్, ముందు మీతో బాగా ఉండే రెండు లాడ్జీలకు, వారం ఆగి మిగతావాళ్లకు. పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లే దారి లేకుండా మాత్రం పంపకు. శనివారాలు అసలు ముట్టుకోవద్దు, మన ఊళ్లో ఆ రోజు రద్దీ నీకు చెప్పాలా?

అలిపిరి_కోడర్:
సరే అన్నా. ల్యాప్‌టాప్ పని ఈ వారమే పెట్టుకోవాలి. మా సీనియర్ గురువారం నుంచి వాళ్ల చెల్లెలి పెళ్లికి పది రోజులు లీవు, ల్యాప్‌టాప్ కూడా తీసుకెళ్తాడట.